నియోజకవర్గం గీత ఎట్ల గీస్తరు, మన ఓటు ఎక్కడ పోతది: చింతగింజల నుంచి దామాషా లెక్క దాకా

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో 14 అసెంబ్లీ సీట్లు. 2018లో టీఆర్ఎస్‌కి 13, కాంగ్రెస్‌కి కొల్లాపూర్ ఒక్కటే. 2023లో అవే 14 సీట్లలో కాంగ్రెస్‌కి 12, బీఆర్ఎస్‌కి గద్వాల, అలంపూర్ రెండే. ఈ రెండు రిజల్టులు పక్కపక్కన పెట్టి చూస్తే ఐదేండ్లలో పాలమూరు జనం మొత్తం అటు నుంచి ఇటు మారిపోయిండ్రు అనిపిస్తది, కానీ అట్ల కాలే, రాష్ట్రం మొత్తం మీద టీఆర్ఎస్ ఓట్లు 46.87 శాతం నుంచి 37.35కి దిగినయ్, కాంగ్రెస్ 28.43 నుంచి 39.40కి ఎక్కింది, అంతే. పది శాతం ఓటు కదిలితే సీట్లు పూరాగా తారుమారయినయ్. ఓటుకి సీటుకి మధ్యల ఏదో ఒక మిషన్ ఉంది, ఆ మిషన్ ఎట్ల తిరుగుతదో మన చేత్తోటి మనం తిప్పి చూసుకోవాలె అన్నదే ఈ రాత. కొత్త జనాభా లెక్కలయినంక నియోజకవర్గాల పునర్విభజన వస్తది, ముసాయిదా మన ముంగట పెడతరు, అప్పుడు చదువుడు మొదలుపెడితే టైమ్ సరిపోదు.

కావాల్సినవి: గుప్పెడు చింతగింజలు, గుప్పెడు శనగలు, ఒక నోట్‌బుక్, ఫోన్‌లో క్యాలిక్యులేటర్.

స్టెప్ 1: చింతగింజలు పరవండి

ఒక్కో గింజ ఒక ఊరు అనుకోండి. చింతగింజ అంటే చింత పార్టీ గెలిచే ఊరు, శనగ అంటే శనగ పార్టీ ఊరు. 9 చింతగింజలు, 6 శనగలు తీసుకొని మూడు వరుసలు పేర్చండి, వరుసకు ఐదు. పై వరుసలో ఐదూ చింతగింజలే. రెండో వరుసలో ఎడమ దిక్కు రెండు చింతగింజలు, తర్వాత మూడు శనగలు. మూడో వరుస కూడా సేమ్.

ఇప్పుడు ఐదూర్లకు ఒక సీటు లెక్కన మూడు సీట్లు చెయ్యాలె. చాక్‌పీస్ తీసుకొని వరుసకొక సీటు లెక్క అడ్డంగా గీయండి. పై సీటు చింత పార్టీది, కింది రెండూ మూడు-రెండు తేడాతో శనగ పార్టీవి. తక్కువ ఊర్లు ఉన్నోళ్ళకు రెండు సీట్లు వచ్చినయ్ చూసిండ్రా. చింత పార్టీ ఊర్లను ఐదింటిని ఒకే గంపల కుక్కేసినం, అక్కడ ఐదుకు ఐదు గెలిచినా వచ్చేది ఒక్క సీటే.

తుడిచేసి ఇట్ల గీయండి: పై వరుస ఎడమ రెండు గింజలు, రెండో గింజ కింద ఉన్న చింతగింజ, దాని పక్కన రెండు శనగలు, ఇది ఒక సీటు. పై వరుసలో మిగిలిన మూడు చింతగింజలు, కుడి చివర కిందికి దిగుతూ రెండు శనగలు, ఇది రెండోది. మిగిలిన ఐదు మూడోది. మూడింట్లో మూడు చింత, రెండు శనగ. మొత్తం మూడు సీట్లూ చింత పార్టీయే ఊడ్చుకపోయింది, శనగ పార్టీ ఆరూర్లు జీరో. ఈసారి వాళ్ళను కుక్కలేదు, రెండ్రెండుగా చీల్చి ప్రతి సీటులో మైనారిటీ చేసినం.

మూడో తీరు కూడా ఉంది, కుడి దిక్కు శనగలు నాలుగింటిని పైనున్న చివరి చింతగింజతో కలిపి ఒక సీటు చేస్తే మిగిలిన పదిలో చింత పార్టీకి రెండు సీట్లొస్తయ్, 9కి 6 అన్న నిష్పత్తికి 2-1 దగ్గరిది. ఒక్క ఊరు కదలలే, ఒక్క ఓటు మారలే, కానీ రిజల్ట్ 1-2, 3-0, 2-1 అని మూడు తీర్లుగా వచ్చింది. మా ఇంట్ల తొమ్మిదో తరగతి పిల్లతోటి ఈ ఆట ఆడిపిస్తే పది నిమిషాల్లో మూడూ తనే గీసేసింది, గీసి "మరి ఎవరు గీస్తరు ఇది" అని అడిగింది, అసలు ప్రశ్న అదే.

కుక్కుడు, చీల్చుడు, ఈ రెండు పనులు కలిపితే దాని పేరే జెర్రీమాండరింగ్. 1812లో అమెరికా మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ తన పార్టీకి కలిసొచ్చేటట్టు సెనేట్ సీట్ల గీతలున్న బిల్లు మీద సంతకం పెట్టిండు, అందులో ఎసెక్స్ కౌంటీలోని ఒక సీటు వంకర్లు తిరిగి సాలమాండర్ అనే బల్లి లాంటి జంతువు లెక్క ఉందని బోస్టన్ పేపర్ల కార్టూన్ వేసిండ్రు, జెర్రీకి మాండర్ అతికితే ఆ పేరయింది. ఇది పాత ముచ్చట అనుకోవద్దు, 2018లో విస్కాన్సిన్ రాష్ట్రంలో 45 శాతం దగ్గర ఓట్లతో రిపబ్లికన్లకు 99లో 63 అసెంబ్లీ సీట్లు వచ్చినయ్, ఆ మరుసటి ఏడే పార్టీ కోసం గీసిన గీతల కేసులు ఫెడరల్ కోర్టులు చూడవని అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది.

స్టెప్ 2: మన దగ్గర పెన్ను ఎవరి చేతుల ఉందో తెలుసుకోండి

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గీసేది ఎమ్మెల్యేలే, మన దగ్గర అట్ల కాదు, డీలిమిటేషన్ కమిషన్ (పునర్విభజన కమిషన్) గీస్తది. 1952, 1962, 1972, 2002 చట్టాల కింద దేశం మొత్తానికి నాలుగు సార్లు కమిషన్లు వేసిండ్రు. 2002 చట్టం ప్రకారం చైర్మన్‌గా సుప్రీంకోర్టు సిట్టింగ్ లేదా రిటైర్డ్ జడ్జి, తోడు ఒక ఎలక్షన్ కమిషనర్, రాష్ట్ర ఎన్నికల కమిషనర్. పోయినసారి చైర్మన్ జస్టిస్ కుల్దీప్ సింగ్. రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు అసోసియేట్ మెంబర్లుగా కూర్చుంటరు కానీ వాళ్ళకు ఓటు లేదు, సంతకం లేదు. ఇది మంచి ఏర్పాటే అని నేను గట్టిగ నమ్ముత, కానీ ఓటు లేకున్నా చెవి దగ్గర కూసునేది వాళ్ళే అన్న సంగతి కూడా యాది పెట్టుకోవాలె.

కమిషన్ ఫైనల్ ఆర్డర్ గెజిట్‌లో వచ్చినంక కోర్టులో సవాలు చేసుడు దాదాపు మూసిన తలుపే, రాజ్యాంగం 329వ ఆర్టికల్ అడ్డం ఉంటది. 2024లో సుప్రీంకోర్టు ఆ తలుపు కొంచెం తెరిచింది, ఆర్డర్ పూర్తిగా ఇష్టారాజ్యంగా ఉంటే చూడొచ్చు అన్నది. కానీ దాన్ని నమ్ముకొని కూసోవద్దు, మాట్లాడాల్సింది ముసాయిదా స్టేజ్‌లోనే.

మన అసెంబ్లీలో సీట్లు 119, ఇప్పుడున్న హద్దులు 2001 జనాభా లెక్కల మీద గీసినయ్, 2009 ఎలక్షన్ల నుంచి నడుస్తున్నయ్. అప్పుడే మన దిక్కు రామన్నపేట, అమరచింత పోయినయ్, మిర్యాలగూడ ఎంపీ సీటు పోయి భువనగిరి వచ్చింది, చలకుర్తి జాగల నాగార్జునసాగర్ వచ్చింది, నకిరేకల్, తుంగతుర్తి ఎస్సీ రిజర్వ్ అయినయ్. రామన్నపేట మనుషులను అడగండి ఆ గీత వాళ్ళకు ఏం చేసిందో, ఒకప్పుడు నియోజకవర్గం సెంటర్ అయిన ఊరు ఇంకో ఊరి పేరు మీద ఓటేస్తుంది.

2014 విభజన చట్టం 26వ సెక్షన్‌లో తెలంగాణ సీట్లు 153 అని రాసిండ్రు, దాని కోసం కోర్టుకు పోతే 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా ఆగాలె అన్నది.

స్టెప్ 3: వంకర గీత వేరు, అసమాన సీటు వేరు, కలిపెయ్యకండి

జెర్రీమాండరింగ్ అంటే షేప్‌తోటి చేసే మోసం. ఇంకోటి ఉంది, ఎవ్వరూ మోసం చెయ్యకున్నా ఏండ్లు గడిస్తే సీట్ల మధ్య జనం తేడా పెరిగిపోవుడు. 2023 నాటికి శేరిలింగంపల్లిలో ఓటర్లు 7 లక్షలు దాటిండ్రు, భద్రాచలంలో లక్షన్నర లోపే. ఇద్దరికీ ఒక్కొక్క ఎమ్మెల్యే. అంటే భద్రాచలం ఓటు శేరిలింగంపల్లి ఓటుకు నాలుగున్నర రెట్లకు పైన బరువు. ఇది సరి చేస్తే సీట్లు హైదరాబాద్ చుట్టుపక్కలకు పోతయ్, అచ్చంపేట, దేవరకొండ అసొంటి జాగలు ఇంకా పెద్దగ సాగిపోతయ్, ఎమ్మెల్యే ఒక మూల నుంచి ఇంకో మూలకు పోవాలంటేనే సగం దినం అయితది. రెండు దిక్కులా న్యాయం ఉంది ఇందులో. చెక్ చేసుడు మాత్రం ఈజీ: రాష్ట్రం మొత్తం జనాభాని సీట్లతో భాగించండి, మీ సీటు జనాభా దానికి ఎంత శాతం ఎక్కువ, ఎంత తక్కువ చూడండి. పది శాతం దాటితే ఎందుకు అని అడిగే హక్కు మీకుంది, కొండలు, అడవి అన్న కారణం చెప్తే అది నిజమా కాదా మీకే తెలుస్తది.

స్టెప్ 4: ఫారం 20 తీసి మీ బూత్ లెక్క రాసుకోండి

ఇది ఓపిక పని, కానీ అసలు విషయం ఇక్కడే ఉంది. ప్రతి ఎలక్షన్ అయినంక పోలింగ్ స్టేషన్ వారీగా ఎవరికెన్ని ఓట్లు వచ్చినయ్ అని ఫారం 20 అనే షీట్ తయారైతది, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పెడతరు. మీ నియోజకవర్గంది డౌన్‌లోడ్ చేసుకోండి. బూత్ నంబర్, ఊరు పేరు, మొదటి మూడు పార్టీల ఓట్లు నోట్‌బుక్‌లో లేదా ఎక్సెల్‌లో ఎక్కించండి. తర్వాత మండలం వారీగా కూడండి.

కూడినంక ఓట్ల వృధా లెక్క తియ్యాలె. ఓడిన వాళ్ళకు పడిన ఓట్లన్నీ సీటు తేలేదు, అవి వృధా. గెలిచిన వాళ్ళకు గెలుపుకు కావాల్సిన దానికంటే పైన పడినయ్ కూడా వృధానే. రెండు పార్టీల వృధా ఓట్ల తేడాని మొత్తం ఓట్లతో భాగిస్తే ఒక శాతం వస్తది, అమెరికాలో గీతల కేసుల్లో వాడిన లెక్క ఇట్లాంటిదే.

మన దిక్కు రెండు సీట్లే తీసుకుందాం, 2024 లోక్‌సభ. నల్లగొండలో కాంగ్రెస్‌కి 7.84 లక్షలు, రెండో స్థానంలో బీజేపీకి 2.24 లక్షలు, మెజారిటీ 5.60 లక్షలు. మహబూబ్‌నగర్‌లో బీజేపీకి 5.11 లక్షలు, కాంగ్రెస్‌కి 5.06 లక్షలు, మెజారిటీ 4,500 మాత్రమే. రెండు సీట్లు కలిపి కాంగ్రెస్‌కి 12.90 లక్షల ఓట్లు, బీజేపీకి 7.35 లక్షలు, సీట్లు చెరొకటి! నల్లగొండల గుట్టలుగా మిగిలిపోయిన ఓట్లలో ఐదు వేలు పాలమూరుకు పోయి ఉంటే రిజల్ట్ మారేది, కానీ ఓటు గీత దాటదు. అదే ఎలక్షన్లో రాష్ట్రం మొత్తం మీద 16 శాతం పైన ఓట్లు తెచ్చుకున్న బీఆర్ఎస్‌కి ఒక్క ఎంపీ సీటు కూడా రాలే. ఇక్కడ ఎవ్వరూ బల్లి షేప్ గీయలే, కుట్ర లేదు. ఒక్క సీటుకు ఒక్కడే గెలిచే పద్ధతి ఉన్నన్ని రోజులు గీత ఎంత నిజాయితీగ గీసినా ఇట్ల జరుగుతనే ఉంటది, నాకు ఈ లెక్క చేసినంకనే దామాషా పద్ధతి మీద నిజంగ ఆసక్తి పుట్టింది.

స్టెప్ 5: దామాషా లెక్క చేత్తో వెయ్యండి

దామాషా ప్రాతినిధ్యం అంటే ఓట్లు ఎంత శాతమో సీట్లు దాదాపు అంత శాతం. దాని కోసం ఒక్క సీటు నియోజకవర్గం బదులు ఐదో, ఏడో సీట్లున్న పెద్ద నియోజకవర్గం పెడతరు, లేదా రాష్ట్రం మొత్తాన్నే ఒకటి చేస్తరు. పంచే పద్ధతుల్లో బాగా వాడేది బెల్జియం ఆయన విక్టర్ డోంట్ పేరు మీదిది.

ఊహించిన లెక్క: ఐదు సీట్లు, పది లక్షల ఓట్లు. ఎ పార్టీకి 4,20,000, బి కి 3,45,000, సి కి 1,60,000, డి కి 75,000. ప్రతి పార్టీ ఓట్లని 1తో, 2తో, 3తో భాగించి పక్కన రాయండి. ఎ: 4,20,000, 2,10,000, 1,40,000. బి: 3,45,000, 1,72,500, 1,15,000. సి: 1,60,000, 80,000. డి: 75,000. వీటన్నిట్లో పెద్దవి ఐదు ఏరండి: 4,20,000, 3,45,000, 2,10,000, 1,72,500, 1,60,000. ఎ కి రెండు, బి కి రెండు, సి కి ఒకటి. అయిపోయింది. ఇప్పటి పద్ధతిలో అయితే ఈ ఐదూ విడివిడి సీట్లయి ఓట్లు అంతటా ఇదే తీరుగా ఉంటే ఎ పార్టీ ఐదూ తీసుకపోయేది.

అవే ఓట్లతో ఏడు సీట్లు పంచండి. డోంట్ పద్ధతిలో ఎ 3, బి 3, సి 1. కానీ 1, 2, 3 బదులు 1, 3, 5తో భాగించే సెయింట్ లాగ్ పద్ధతి వాడితే ఎ 3, బి 2, సి 1, డి 1. ఒక్క భాజకం మారితే చిన్న పార్టీకి సీటొచ్చింది, పెద్ద పార్టీది పోయింది. రేపు ఎవరన్నా "దామాషా తెస్తం" అంటే ఏ భాజకం, ఒక్కో నియోజకవర్గానికి ఎన్ని సీట్లు, కనీసం ఎంత శాతం ఓట్లు రావాలె, ఈ మూడు అడగండి. జర్మనీలో అడ్డుకట్ట 5 శాతం, నేపాల్‌లో 3 శాతం, నెదర్లాండ్స్‌లో 150 సీట్లకు ఒక సీటంత ఓట్లు వస్తే చాలు.

ఇప్పుడు 2023 అసెంబ్లీ. కాంగ్రెస్ 39.40 శాతం, సీట్లు 64. 119లో 39.40 శాతం అంటే 47. బీఆర్ఎస్ 37.35 శాతం, వచ్చినయ్ 39, శాతం లెక్కన 44. బీజేపీ 13.90, వచ్చినయ్ 8, లెక్కన 16 లేదా 17. మజ్లిస్ 2.22 శాతంతో 7, లెక్కన రెండు మూడు, ఎందుకంటే వాళ్ళ ఓట్లు చాలా మటుకు పాతబస్తీ చుట్టుపక్కల ఒక్కదగ్గర ఉన్నయ్. 2018ది కూడా వెయ్యండి, టీఆర్ఎస్‌కి 88 వచ్చినయ్, లెక్కన 56, కాంగ్రెస్‌కి 19 వచ్చినయ్, లెక్కన 34. ఒకసారి ఒకళ్ళకు లాభం, ఇంకోసారి ఇంకొకళ్ళకు, కాబట్టి ఇది ఏ ఒక్క పార్టీ ముచ్చట కాదు. ఒక జాగ్రత్త మాత్రం: పద్ధతి మారితే జనం ఓటేసే తీరు కూడా మారుతది, పొత్తులు మారుతయ్, అందుకే ఈ నంబర్లని జోస్యం లెక్క చెప్పొద్దు.

స్టెప్ 6: ఇది మనకు కొత్త కాదు అని మీ దోస్తులకు చూపించండి

"ఇవన్నీ మన దేశంల నడవయ్" అని అంటరు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ నుంచి మూడు రాజ్యసభ సీట్లు ఖాళీ అయితే కాంగ్రెస్‌కి రెండు, బీఆర్ఎస్‌కి ఒకటి పోటీ లేకుండా పోయినయ్. ఎందుకు? రాజ్యసభ ఎన్నిక దామాషా పద్ధతిలో బదిలీ ఓటుతో (ఇష్టం వరుసన 1, 2, 3 అని రాసే ఓటు, మొదటి మనిషికి అవసరం లేకుంటే తర్వాతి మనిషికి పోతది) జరుగుతది, 119 మంది ఎమ్మెల్యేలు, మూడు సీట్లు, 30 మంది మొదటి ప్రాధాన్యత ఇస్తే గెలుపు ఖాయం, ఎందుకంటే 119లో నలుగురికి తలా 30 రావు. బీఆర్ఎస్‌కి 39 మంది ఉన్నరు కాబట్టి ఒకటి వాళ్ళ హక్కు. మామూలు మెజారిటీ పద్ధతి పెట్టి ఉంటే మూడూ కాంగ్రెస్‌వే. ఎమ్మెల్యేలు వాళ్ళకోసం వాళ్ళు వాడుకునే న్యాయం మనకెందుకు పనికిరాదో ఎవరన్నా చెప్పాలె. నల్లగొండ, ఖమ్మం, వరంగల్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో 1, 2, 3 అని రాసినోళ్ళు మనలో వేలమంది, 2021లో ఆ కౌంటింగ్ రోజుల తరబడి నడిచింది, సీటు ఒక్కటే కాబట్టి అది దామాషా కాదు కానీ ఓటు బదిలీ అయ్యే పద్ధతి మనకు చేతయితదని అక్కడే తెలిసిపోయింది.

ఒక నియోజకవర్గానికి ఒక్కరే అన్నది కూడా మొదటి నుంచి లేదు. 1952లో నల్లగొండ ఎంపీ సీటు ఇద్దరు మెంబర్ల సీటు, అక్కడ్నుంచే రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిండు. ఆ ఇద్దరి పద్ధతిని 1961 చట్టంతో తీసేసిండ్రు. అది దామాషా కాకపోయినా, గీత లోపల ఎంతమంది ఉండాలన్నది చట్టం రాసుకునే సంగతి అని చూపిస్తది.

ఇబ్బందులు కూడా ఒప్పుకోవాలె. మన దిక్కు ఎమ్మెల్యే అంటే పింఛన్, ఆస్పత్రి లెటర్, బోరు మోటర్ దాకా పోయి అడిగే మనిషి, రాష్ట్రం మొత్తానికి ఒక లిస్ట్ పెడితే ఆ మనిషి మాయమైతడు, లిస్టులో పేరు ఎక్కియ్యాలంటే పార్టీ పెద్దల చుట్టూ తిరగాలె. అందుకే నాకు మిశ్రమ పద్ధతి నచ్చుతది: సగం సీట్లు ఇప్పటిలాగే, మిగిలినయ్ పార్టీ ఓట్ల శాతం మీద. న్యూజిలాండ్ 1993 రెఫరెండం తర్వాత 1996 నుంచి ఇట్లనే నడుస్తుంది, అక్కడ నేరుగా గెలిచిన సీట్లకు, ఓట్ల శాతానికి మధ్య వచ్చే తేడాని పూడ్చేటట్టు లిస్ట్ సీట్లు ఇస్తరు. నేపాల్‌లో 165 నేరుగా, 110 దామాషా, కానీ రెండూ వేరువేరు లెక్కలు, పూడ్చుడు ఉండదు. పైకి రెండూ ఒకే తీరు కనపడ్డా పూడ్చేది ఉందా లేదా అన్నదే అసలు తేడా. మన లా కమిషన్ 1999లో 170వ నివేదికలో అదనంగా 25 శాతం సీట్లు లిస్ట్ పద్ధతిలో పెట్టమన్నది, అది అట్లనే అల్మారీల ఉంది.

స్టెప్ 7: ముసాయిదా వచ్చిన రోజు ఏం చూడాలె

మండలాలు ఎక్కడ తెగినయ్ అన్నది మొదట చూడండి. చట్టంలో రాసింది ఏందంటే సీటు భౌగోళికంగా దగ్గరదగ్గర ఉండాలె, కొండ, నది, పాలన హద్దులు, రోడ్డు సౌకర్యం, జనం అనుకూలం చూడాలె. 2016 నుంచి జిల్లాలు మారినంక మన దగ్గర ఇది గజిబిజి అయింది, కొడంగల్ నియోజకవర్గం కొంత వికారాబాద్ జిల్లాలో, కొంత నారాయణపేట జిల్లాలో ఉంది.

తర్వాత ఒకే బాధ ఉన్న ఊర్లు కలిసున్నయా చూడండి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల ఫ్లోరైడ్ బాధ ఒక్క నియోజకవర్గంల ఉంది కాబట్టే అక్కడ పోటీ చేసే ఎవ్వరైనా నీళ్ళ మాట ఎత్తకుండ ఓటడగలేరు. దాన్నే నాలుగు ముక్కలు చేసి నాలుగు సీట్లకు పంచితే ప్రతి చోటా అది ఒక మూల ఊర్ల గొడవయిపోతది. అమ్రాబాద్ గుట్టల మీద చెంచు పెంటలకు (చెంచుల గూడేలకు) కూడా ఇదే. శనగలు రెండ్రెండుగా చీలిన ఆట యాది చేసుకోండి.

అభ్యంతరం రాసేటప్పుడు కోపం రాయకండి, లెక్క రాయండి. మా టౌన్‌లో ఒకసారి వార్డులు మార్చినప్పుడు మా గల్లీ నడిమిట్ల నుంచి గీత పోయింది, ఎడమ దిక్కు ఇండ్లు ఒక వార్డు, కుడి దిక్కు ఇంకో వార్డు, మోరి మాత్రం ఒక్కటే. మేం నలభై మందిమి సంతకాలు పెట్టి "అన్యాయం" అని రాసిచ్చినం, ఇంటి నంబర్లు లేవు, ఎన్ని ఓట్లో లేదు, ఎక్కడ గీస్తే బాగుంటదో చెప్పలే. తీసి పక్కన పెట్టిండ్రు. పక్క గల్లీ వాళ్ళు ఇంటి నంబర్లతో, ఓటర్ల సంఖ్యతో, ఇట్ల గీస్తే రెండు వార్డులూ సమానంగా వస్తయ్ అని చేతిగీత మ్యాప్‌తో ఇచ్చిండ్రు, వాళ్ళది మారింది.

కాబట్టి ఒకటే పేజీలో: ఏ ఊరు లేదా బూత్ నంబర్ ఎటు పోయింది, జనాభా ఎంత, చట్టంలో చెప్పిన ఏ అంశానికి అది ఎదురు పోతుంది, మీ గీత ఏంది, మీ గీత గీస్తే రెండు దిక్కులా జనాభా ఎంత అయితది. చివరిది లేకుంటే ఎవ్వరూ చదవరు, ఎందుకంటే మీ ఊరిని అటు జరిపితే ఇంకో ఊరిని ఇటు జరపాలె, ఆ రెండో ఊరు ఏదో మీరే చెప్పాలె, చెప్పే ముందు ఆ ఊరికి పోయి సర్పంచ్‌తో, నలుగురు పెద్దమనుషులతో మాట్లాడి రావాలె. గడువు గెజిట్‌లోనే ఉంటది, చివరి రోజు దాకా ఆగకండి. బహిరంగ విచారణ పెడితే ఫారం 20 ప్రింట్, మండల మ్యాప్ పట్టుకొని పోండి, మాట్లాడేందుకు దొరికేది రెండు మూడు నిమిషాలే, కాబట్టి ఊరు పేరు, నంబరు మొదలు చెప్పండి. కాగితం రెండు కాపీలు తీస్కపోయి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో రిసీవ్డ్ స్టాంప్ కొట్టిచ్చుకొని ఫోన్ల ఫొటో తీసి పెట్టుకోండి.